మార్ఫింగ్ ఫోటోతో పిల్లవాణ్ని బెదిరిస్తే: మెసేజ్ వచ్చిన రాత్రి నుంచి మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలం దాకా

పిల్లవాడి పేరు, ఊరు, బడి, నేను వాడికి ఏమవుతానన్నది రాయను. పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం) కేసులో పిల్లల్ని గుర్తుపట్టే వివరాలేవీ బయటికి రాకూడదు. వాడికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. అంతవరకు చాలు. మిగతాది జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా రాస్తున్నాను. ఆ రాత్రి వెతికితే "వెంటనే ఫిర్యాదు చేయండి" అన్న సలహా చాలాచోట్ల కనిపించింది. ఫిర్యాదు చేశాక ఎవరు ఫోన్ చేస్తారు, ఏం అడుగుతారు, ఫోను తీసుకుంటారా, పిల్లవాణ్ని స్టేషన్‌కు రమ్మంటారా అన్నది మాత్రం మాకు ఎక్కడా కనబడలేదు.

2025 జులై 11, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో వాడు వాడే ఒక సోషల్ మీడియా యాప్‌లో మెసేజ్ వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందు ఏదో గేమ్ గురించి మాట కలిపిన అకౌంట్ అది, అమ్మాయి పేరుతో ఉంది. మొదట ఒక ఫోటో: వీడి ప్రొఫైల్ ఫోటోలోని ముఖం, వేరెవరిదో బట్టల్లేని ఒళ్లు. దాని కింద వీడి ఫాలోయర్ల జాబితా స్క్రీన్‌షాట్లు. ఆ కింద క్యూఆర్ కోడ్. గంటలో మూడు వేలు వేయకపోతే జాబితాలో ఉన్నవాళ్లందరికీ ఫోటో పంపుతానని బెదిరింపు. వీడు ఏ ఫోటో పంపలేదు, ఏ వీడియో కాల్‌లోనూ మాట్లాడలేదు. అందరికీ కనిపించే ప్రొఫైల్ ఫోటో, అందరికీ కనిపించే ఫాలోయర్ల జాబితా, ఈ రెండే బెదిరించినవాడికి సరిపోయాయి.

ఒక్కడే ఆ ఫోను పట్టుకుని కూర్చుని కూర్చుని, చివరికి వచ్చి చెప్పాడు. "నేనేం పంపలేదు, ఒట్టు" అన్నదే పదే పదే అంటున్నాడు. పంపి ఉన్నా నేరం బెదిరించినవాడిదేనని, నిన్ను ఎవరూ ఏమీ అనరని అప్పుడే, గట్టిగా చెప్పాం. నిజంగా ఫోటో పంపి ఇరుక్కున్న పిల్లల విషయంలో కూడా దారి ఇదే, చట్టం ఇదే. ఈ మాట మొదటి పది నిమిషాల్లో చెప్పడం ఎంత అవసరమో తర్వాత తెలిసింది. ఎస్సై అడిగినా, బాలల సంక్షేమ కమిటీ అడిగినా వాడు ఏదీ దాచకుండా చెప్పగలిగాడు. ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వలేదు. ఇలాంటి బెదిరింపులో పిల్లలు ప్రాణం తీసుకునేంత దూరం వెళ్లిన సంఘటనలు ఉన్నాయి, కాబట్టి ఇది అతిజాగ్రత్త కాదు.

డబ్బు వేయలేదు. ఒకసారి వేస్తే "ఈ ఇంట్లో డబ్బు రాలుతుంది" అని వాడికి తెలుస్తుంది, గంటలో రెండో మొత్తం అడుగుతాడు. జవాబు కూడా ఇవ్వలేదు. బ్లాక్ మాత్రం వెంటనే చేయలేదు. అవతలివాడు తన మెసేజ్‌లను తనే వెనక్కి తీసేసుకోగలడు, అకౌంట్ మాయం చేయగలడు. అలా జరిగితే మన చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ముందు ఆధారాలు, తర్వాతే రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. ఈ వరస తప్పితే మిగతా పనులన్నీ కష్టమవుతాయి.

ఆధారాలు తీసిన పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను. ఒకసారి చూడగానే మాయమయ్యే రకం మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. అందుకని రెండో ఫోనుతో వీడియో తీశాం. పిల్లవాడి ఫోను లాక్ స్క్రీన్ మీద తేదీ, సమయం కనిపించేలా మొదలుపెట్టి, యాప్ తెరిచి, ఆ ప్రొఫైల్ చూపించి, చాట్‌ను మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా నెమ్మదిగా జరిపాం. ఆ యాప్‌లో చాట్‌ను వేలితో ఎడమవైపు లాగి పట్టుకుంటే ప్రతి మెసేజ్ పక్కన సమయం కనబడుతుంది, అది కూడా వీడియోలో పడింది. ప్రొఫైల్ పైన ఉండే పెద్ద పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకుంటారు. కావలసింది దాని యూజర్‌నేమ్, షేర్ బటన్ నొక్కి కాపీ చేసుకున్న లింకు. మూడు చుక్కల మెనూలో "ఈ అకౌంట్ గురించి" అన్నచోట అకౌంట్ ఎప్పుడు తెరిచారు, ఏ దేశం నుంచి, ఇంతకుముందు పేరు ఎన్నిసార్లు మార్చారు అన్నవి ఉన్నాయి. తెరిచి నెల కూడా కాలేదు. తెల్లారేసరికి బెదిరించినవాడు యూజర్‌నేమ్ మార్చేశాడు. పాత పేరు వీడియోలో ఉండబట్టి సరిపోయింది.

క్యూఆర్ కోడ్‌ను యూపీఐ యాప్‌తో స్కాన్ చేస్తే, సొమ్ము అంకె వేయకముందే యూపీఐ ఐడీ, ఖాతాదారు పేరు కనిపిస్తాయి. అక్కడే ఆగి ఆ రెండూ రాసుకున్నాం. పోలీసులకు అన్నిటికంటే ముందు పనికొచ్చింది ఈ ఐడీనే.

వీడియో తీసేటప్పుడు ఆ ఫోటో వచ్చిన చోట స్క్రీన్ మీద కాగితం ముక్క అడ్డం పెట్టాం. మార్ఫింగ్ చేసిందైనా సరే, పిల్లలవి అనిపించే అశ్లీల చిత్రాలు 2019 సవరణ తర్వాత పోక్సో నిర్వచనంలోకే వస్తాయి. పంచుకునే ఉద్దేశంతో, తొలగించకుండా, పోలీసులకు చెప్పకుండా వాటిని దగ్గర ఉంచుకోవడం సెక్షన్ 15 కింద నేరం. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ ఎంత దూరం వర్తిస్తుందో స్పష్టంగా చెప్పింది. ఫిర్యాదు కోసం, కోర్టులో సాక్ష్యం కోసం మినహాయింపు ఉంది. ఆ పేరు చెప్పి బాబాయికి, మావయ్యకు, ఫ్యామిలీ గ్రూపుకు పంపితే మినహాయింపు వర్తించదు. పిల్లవాడి పరువు కూడా మన చేతులతో మనమే తీసినట్టవుతుంది. అసలు ఫోటో వచ్చిన ఫోనులోనే ఉంచాం, ఇంకో చోటికి కదపలేదు.

అదే రాత్రి పిల్లవాడి అకౌంట్ డేటా కాపీ కోసం సెట్టింగ్స్‌లో అభ్యర్థన పెట్టాం. 13న లింకు వచ్చింది. ఆ లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది, ఆ గడువు దాటితే మళ్లీ మొదటినుంచి అడగాలి. అవతలివాడు వెనక్కి తీసేసుకున్న మెసేజ్‌లు ఆ కాపీలో లేవు. అంటే రెండో ఫోనుతో తీసిన వీడియోకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే.

తర్వాత యాప్‌లో రిపోర్ట్. ఇక్కడ చాలామంది ప్రొఫైల్‌ను మాత్రమే రిపోర్ట్ చేస్తారు. మేం ప్రొఫైల్‌ను, బెదిరింపు మెసేజ్‌ను, ఫోటోను విడివిడిగా రిపోర్ట్ చేశాం. "స్పామ్" నొక్కకుండా నగ్నత్వం, దాని కింద ప్రైవేటు చిత్రాలు పంపుతానని బెదిరించడం, ఆ పైన పద్దెనిమిదేళ్లలోపు వ్యక్తి అన్న ఎంపికల దాకా వెళ్లాలి. శనివారం పొద్దున జవాబులు వచ్చాయి. ఫోటో తీసేశారు. ప్రొఫైల్ గురించి మాత్రం "మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు" అని వచ్చింది. అది చదివి పిల్లవాడి ముఖం పాలిపోయింది. కారణం అర్థం చేసుకుంటే అంత భయపడక్కర్లేదు. మనం దేని మీద నొక్కి రిపోర్ట్ చేశామో పరిశీలించేది దాన్నే. ఆ ప్రొఫైల్‌లో ఉన్నవి రెండు పువ్వుల ఫోటోలు. నేరమంతా చాట్‌లో ఉంది.

అందుకే ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, విడిగా మెయిల్ పెట్టాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో పనిచేసే ప్రతి సోషల్ మీడియా సంస్థ ఈ అధికారి పేరు, చిరునామా తన సైటులో పెట్టాలి. అప్పుడు అమల్లో ఉన్న గడువులు ఇవి: ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, మామూలు ఫిర్యాదులు 15 రోజుల్లో తేల్చాలి, నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చిత్రాలు అయితే 24 గంటల్లో తొలగించే చర్య తీసుకోవాలి. మెయిల్ సబ్జెక్టులోనే "మైనర్, మార్ఫింగ్ నగ్న చిత్రం, నిబంధన 3(2)(బి)" అని రాశాం. లోపల లింకులు, యూజర్‌నేమ్, తేదీ, సమయం, పిల్లవాడితో మా సంబంధం రాశాం. ఫోటో జతచేయలేదు. అందినట్టు జవాబు నిమిషాల్లో వచ్చింది. అకౌంట్ మూతపడింది మాత్రం ఆదివారం మధ్యాహ్నం, గడువు దాటాకే. అసలు స్పందన లేకపోయినా, నిర్ణయం నచ్చకపోయినా 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

ఇక మళ్లీ ఆ శుక్రవారం రాత్రికి వస్తే, పన్నెండు దాటాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ తెరిచాం. 1930 హెల్ప్‌లైన్ నంబరు ప్రధానంగా డబ్బు పోయిన కేసులకు. డబ్బు వేసేసి ఉంటే మాత్రం అన్నిటికంటే ముందు దానికే ఫోన్ చేసి యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) చెప్పాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. మాది డబ్బు పోని కేసు. కాబట్టి "మహిళలు, పిల్లలపై నేరాలు" అన్న విభాగం. అందులో రెండు దారులున్నాయి: పేరు చెప్పకుండా ఫిర్యాదు, పేరుతో ఫిర్యాదు చేసి పురోగతి చూసుకోవడం. మొదటిది ఎక్కడో కనిపించిన చిత్రాల గురించి సమాచారం ఇవ్వడానికి బాగుంటుంది. మన పిల్లవాడి కేసు నడవాలంటే రెండోదే. సంఘటన వివరాల పెట్టెలో ప్రత్యేక గుర్తులు తీసుకోదు. యూజర్‌నేమ్ ముందుండే గుర్తును, లింకులను అక్కడ అతికిస్తే ఫారం ముందుకు కదలదు, ఎర్రర్ ఎందుకో కూడా సరిగా అర్థం కాదు. లింకుకు వేరే గడి ఉంది. వివరాలు ముందే నోట్స్‌లో రాసుకుని అతికించడం మంచిది, మధ్యలో సెషన్ తెగితే మళ్లీ మొదటినుంచీ కొట్టాలి. చివర్లో అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. ఇది ఎఫ్‌ఐఆర్ కాదు. చాలామంది ఇది రాగానే కేసు పెట్టేసినట్టు అనుకుని ఊరుకుంటారు.

ఆ తర్వాత టేక్ ఇట్ డౌన్. అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడిపే ఉచిత సేవ, ఏ దేశంలో ఉన్నవాళ్లయినా వాడుకోవచ్చు, పద్దెనిమిదేళ్లలోపు వయసులో ఉన్నప్పటి చిత్రాలకు. ఇందులో ఫోటోను ఎవరికీ పంపం. ఫోటో నుంచి ఒక హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి అంకెల వరస, మన ఫోనులోనే తయారవుతుంది. ఆ వరస మాత్రమే వాళ్లకు వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ వంటివి ఇందులో చేరాయి. అదే ఫోటో అక్కడ పెడితే పట్టుకుని తీసేయగలుగుతాయి. పిల్లవాడి ఫోనులోనే, వాడు పక్కన కూర్చుని ఉండగా చేశాం. పరిమితులు కూడా తెలిసి ఉండాలి: వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చాట్‌లలో ఇది పనిచేయదు, ఫోటోను కత్తిరించినా మార్చినా హ్యాష్ తప్పించుకోవచ్చు. ఇంకో రూపంలో ఫోటో బయటపడితే దానికీ విడిగా హ్యాష్ ఇవ్వాలి. అయినా, ఈ పని అయ్యాకే పిల్లవాడు ఆ రాత్రి మొదటిసారి మంచినీళ్లు తాగాడు. తన చేతిలో కూడా ఏదో ఉందన్న ధైర్యం అది.

శనివారం పొద్దున తెలిసింది, అర్ధరాత్రి దాటాక వాడి క్లాసు పిల్లలు కొందరికి ఆ ఫోటో వెళ్లిందని. మేం ఎంతో భయపడిన ఘడియ అది. అప్పుడు చేసిన పని, పిల్లవాడి చేతే స్నేహితులకు ఒక చిన్న మెసేజ్ పెట్టించడం: "నా ముఖం అతికించి ఎవరో దొంగ ఫోటో పంపుతున్నారు. పోలీసులకు చెప్పాం. వస్తే ఎవరికీ పంపొద్దు, ఆ అకౌంట్‌ను రిపోర్ట్ చేయండి." రహస్యంగా ఉంచుతావన్న నమ్మకం మీదే బెదిరించేవాడి బేరమంతా. మనమే ముందు చెప్పేస్తే వాడికి అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. ఒక అబ్బాయి "ఇది నువ్వేనా" అంటూ ఆ ఫోటోను తిరిగి వీడికే పంపాడు. అలా పంపడం కూడా నేరమేనని వాళ్లమ్మకు ఫోన్ చేసి, నొచ్చుకోకుండా చెప్పాం. ఆవిడ వెంటనే అర్థం చేసుకుంది.

ఆ రోజే ఇంకో వల. సహాయం కోసం ఆన్‌లైన్‌లో వెతికినచోట నుంచి ఒక "సైబర్ నిపుణుడు" తగులుకున్నాడు. ఎనిమిది వేలు ముందు ఇస్తే బెదిరించినవాడి ఫోను హ్యాక్ చేసి గ్యాలరీ చెరిపేస్తానన్నాడు. ఇది ఇదివరకే దెబ్బతిన్నవాళ్లను గురిచూసి చేసే రెండో మోసం. పోర్టల్‌కు, ఎఫ్‌ఐఆర్‌కు, టేక్ ఇట్ డౌన్‌కు, బాలల సంక్షేమ కమిటీకి, ఎక్కడా ఒక్క రూపాయి ఫీజు లేదు.

శనివారం రాత్రి పిల్లవాడికి నిద్ర పట్టక 1098కి ఫోన్ చేశాం. 24 గంటలూ ఉండే ఉచిత చైల్డ్ హెల్ప్‌లైన్. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా మనసు గురించి మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మాకు ఈ రెండోది ఎక్కువ ఉపయోగపడింది.

సోమవారం బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయురాలికి చెప్పాం. పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోక్సో సెక్షన్ 19 కింద పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా పడవచ్చు. ఆవిడకు మా అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసిచ్చాం.

15న స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. పోర్టల్ ఫిర్యాదు స్థానిక స్టేషన్‌కు చేరడానికి అన్ని రోజులు పట్టింది. నిజానికి ఎదురుచూడక్కర్లేదు, నేరుగా ఏ స్టేషన్‌కైనా వెళ్లి జీరో ఎఫ్‌ఐఆర్ అడగవచ్చు, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 173 ఆ హక్కు ఇచ్చింది. పెద్దవాళ్లం మాత్రమే వెళ్లాం. అక్కడ మొదట అన్నమాట, "ఫోటో నిజం కాదు కదా, డబ్బు కోసం బెదిరింపు, పోక్సో ఎందుకు" అని. పోక్సో సెక్షన్ 11లో అయిదో అంశం చూపించాం. పిల్లల శరీరాన్ని చూపే "నిజమైన లేదా కల్పించిన" చిత్రాన్ని ఏ మీడియాలోనైనా వాడతానని బెదిరించడం అందులో ఉంది. దీనికి మూడేళ్ల దాకా శిక్ష. 16న ఎఫ్‌ఐఆర్ అయింది: పోక్సో, ఐటీ చట్టం 67బి, బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 308, అంటే బెదిరించి వసూలు చేయడం. కాపీ ఉచితంగా ఇచ్చారు. పోక్సో నిబంధనల్లోని ఫారం ఎ, అంటే పిల్లవాడికి ఏయే సహాయాలు అందాలో చెప్పే కాగితం, అడిగాకే ఇచ్చారు.

వాంగ్మూలం ఇంట్లోనే జరిగింది. మహిళా ఎస్సై చీరలో వచ్చారు. యూనిఫాంలో రాకూడదని, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలని, పిల్లలు నమ్మేవాళ్లు పక్కన ఉండాలని చట్టంలో ఉంది. ఆవిడ వాడి గేమ్ గురించి అడిగి, కాసేపు విని, "ఏం కాదు నాన్నా, నీకు గుర్తున్నంత చెప్పు, తొందరేం లేదు" అన్నారు. అంతవరకు ముడుచుకుని కూర్చున్నవాడు అరగంటసేపు ఆగకుండా చెప్పాడు. ఆవిడకు మేమందరం రుణపడి ఉన్నాం.

ఫోను సీజ్ చేశారు. ఇది మేం ఊహించిందే, చాలా కుటుంబాలకు మాత్రం పెద్ద దెబ్బ. సీజ్ చేసేటప్పుడు వీడియో తీయడం ఇప్పుడు తప్పనిసరి. పంచనామా కాపీలో ఐఎంఈఐ నంబరు (ఆ ఫోను గుర్తింపు నంబరు) సరిగా ఉందా చూసుకోవాలి. ఇచ్చేముందు ఆన్‌లైన్ క్లాసుల లాగిన్లు వేరే ఫోనుకు మార్చుకోవాలి, సిమ్ అవసరమా అని అడగాలి, మాకు సిమ్ తిరిగి ఇచ్చారు. ఏదీ చెరపకూడదు, రీసెట్ అసలే చేయకూడదు. రెండో ఫోనుతో తీసిన వీడియో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో పార్ట్ ఎ, వీడియో తీసినవాళ్లు నింపాలి, పార్ట్ బి నిపుణుడు. ఫోను మోడల్, ఐఎంఈఐ, ఫైలు హ్యాష్ అందులో రాయాలి. అందుకే ఆ వీడియోను వాట్సాప్‌లో పంపుకోకూడదు, పంపగానే ఫైలు కుదించుకుపోయి హ్యాష్ మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం.

24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. ఆ కమిటీ నుంచి ఫోన్ రాగానే ఇంట్లో పెద్దవాళ్లు "పిల్లాణ్ని తీసుకుపోతారా" అని కంగారుపడ్డారు. అలాంటిదేమీ లేదు. ఇంట్లో భద్రంగా ఉన్నాడని నిర్ధారించుకుని, సపోర్ట్ పర్సన్, అంటే కేసు నడిచినంతకాలం పిల్లవాడికి తోడుండే మనిషి, కావాలా అని అడిగారు. కావాలన్నాం. అలా వచ్చిన అమ్మాయి తర్వాత ప్రతి తేదీకీ తోడు వచ్చింది.

ఆగస్టు 6న మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలం. అసలు పని ఇరవై నిమిషాలు, వరండాలో ఎదురుచూపు మూడు గంటలకు పైగా. పుస్తకం, నీళ్లు, తినడానికి ఏదైనా తీసుకెళ్లాలి. నిందితుడి తరఫు లాయర్ అక్కడ ఉండడు.

యూపీఐ ఐడీ వెనక ఉన్న ఖాతా వేరే రాష్ట్రంలో ఒక కూలీది, కమీషన్‌కు ఖాతా అద్దెకిచ్చాడని చెప్పారు. అకౌంట్ లాగిన్ వివరాల కోసం ఆ యాప్ సంస్థకు పోలీసులు నోటీసు పంపారు. తొలగించిన అకౌంట్ల సమాచారాన్ని 180 రోజులు దాచాలని ఐటీ నిబంధనల్లో ఉంది, కాబట్టి ఆలస్యమైతే ఆ గడువు గుర్తుచేస్తూ ఒక కాగితం ఇవ్వడం మంచిది, మేం సెప్టెంబరులో ఇచ్చాం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193లో ఉంది. అక్టోబరు మధ్యలో అది చూపించి అడిగితే లాగిన్ వివరాలు వచ్చాయని, ఒక నంబరు మీద పని చేస్తున్నామని రాతపూర్వకంగా చెప్పారు.

బెదిరింపు వచ్చిన యాప్‌ను పిల్లవాడు తనే తీసేశాడు. ఇన్‌స్టాగ్రామ్ ఉంచుకున్నాడు, టీన్ అకౌంట్‌గా. అసలు పుట్టినతేదీ పెట్టాకే అది టీన్ అకౌంట్‌గా మారింది. తెలియనివాళ్ల మెసేజ్‌లు రావు, ప్రొఫైల్ ప్రైవేటు, పదహారేళ్లలోపు వాళ్లు ఈ సెట్టింగులు సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. వారంలో ఎవరితో చాట్ చేశాడన్నది మాకు కనిపిస్తుంది, ఏం మాట్లాడాడన్నది కనిపించదు. అలా ఉండటమే సరైనదని నా అభిప్రాయం. మాటలన్నీ చదివే పెద్దవాళ్ల దగ్గరికి పిల్లలు ఆపద వచ్చినప్పుడు రారు.

ఇది రాసేనాటికి ఫోను ఇంకా ల్యాబ్‌లోనే ఉంది. మధ్యంతరంగా తిరిగి ఇప్పించమని బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద పిటిషన్ వేశాం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను ఉచితంగా ఇచ్చింది. విచారణ 2025 నవంబరు చివరి వారానికి పడింది.